ఇరవై ఆరు, అరవై ఆరు

చిట్టి ఏం చదివిందో ఒక్క ముక్కలో చెప్పడం ఆ ఇంట్లో ఎవరికీ చేతనయ్యేది కాదు. అన్నయ్య సంగతి తేలిక. సివిల్ ఇంజనీరు అంటే చాలు, అడిగినవాళ్ళు తలూపి ఊరుకునేవాళ్ళు. చిట్టి దగ్గరికి వచ్చేసరికి వడ్రంగి పని చేసే నాన్న గొంతు సవరించుకునేవాడు. కాస్త ఫిజిక్సు, కాస్త లెక్కలు, భాష గురించి ఏదో ఉంది, మనుషుల గురించి కూడా ఉంది అంటూ మొదలుపెట్టి, మధ్యలో నీళ్ళు నమిలి, మొత్తానికి డిగ్రీయే అని ముగించేవాడు. ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టే మేనత్తకి ఆ ఓపిక కూడా లేదు. మా మేనకోడలిది కలగూరగంప చదువు అని, సూదిలో దారం ఎక్కిస్తూనే తేల్చేసేది.

ఆ మాటకి చిట్టికి కోపం వచ్చేది కాదు. ఇంటర్‌డిసిప్లినరీ డిగ్రీ అన్న పొడుగాటి పేరు చూసి చేరిన కొత్తల్లో తనకీ అలాగే అనిపించింది. పొద్దున శబ్దం గాలిలో ఎలా ప్రయాణిస్తుందో చెప్పేవారు. మధ్యాహ్నం అదే శబ్దం నోట్లో అక్షరంగా ఎలా మారుతుందో చెప్పేవారు. మర్నాడు గణాంకాలు. ఆ తర్వాత గుంపులో పడ్డ మనిషి ఎందుకు మారిపోతాడన్న చర్చ. పక్క కాలేజీలో స్నేహితురాలు ఒకే సబ్జెక్టులో లోతుకి దిగిపోతుంటే, తను మాత్రం గట్టు వెంట పరుగులు తీస్తున్నట్టు ఉండేది.

రెండో ఏడు ఒక ప్రాజెక్టు ఇచ్చారు. నలుగురేసి కలిసి చేయాలి. లైబ్రరీలో విద్యార్థులు ఎక్కడ కూర్చుంటున్నారో, ఎందుకు అక్కడే కూర్చుంటున్నారో తెలుసుకుని, కొత్త రీడింగ్ హాలు ఎలా ఉంటే బాగుంటుందో చెప్పాలి. చిట్టి జట్టులో లెక్కలంటే ప్రాణమిచ్చే కుర్రాడొకడు, డిజైను వైపు మొగ్గిన అమ్మాయొకతె ఉన్నారు. ముందు నమూనా సరిగ్గా ఉండాలి అన్నాడు కుర్రాడు. నేనూ అదేగా అంటున్నది అంది అమ్మాయి. ఇద్దరూ ఒకే మాట అంటూ రెండు వారాలు కొట్టుకున్నారు. చివరికి తేలిందేమిటంటే, అతని దృష్టిలో నమూనా అంటే ప్రశ్నలు అడగడానికి ఎంచుకున్న విద్యార్థుల గుంపు. ఆమె దృష్టిలో నమూనా అంటే అట్టముక్కలతో చేసే హాలు బొమ్మ. ఇది చాలదు, ఇంకా పెద్దది కావాలి అని అతనన్న ప్రతిసారీ పాపం ఆ అమ్మాయి వెళ్ళి కొత్త అట్టలు కొనుక్కొచ్చింది.

నలుగురూ కడుపుబ్బ నవ్వుకున్నారు. టీచరు ఇదంతా మొదటి నుంచీ చూస్తూనే ఉండి కూడా నోరు మెదపలేదు. ముందే చెప్పి ఉండొచ్చు కదా మేడమ్ అంటే, చెబితే మీకు మార్కులు మిగిలేవి, ఇది మిగిలేది కాదు అన్నారావిడ. ఆ తర్వాత ఎవరు ఏ మాట అన్నా, ఆ మాటతో వాళ్ళు ఏం చెప్పదలిచారో ముందు అడిగి తెలుసుకోవడం చిట్టికి అలవాటైపోయింది. ఇంట్లో దీనికి మేనత్త చాదస్తం అని పేరు పెట్టింది.

డిగ్రీ చేతికొచ్చాక ఉద్యోగాల కోసం కాళ్ళరిగేలా తిరిగింది. అన్ని చోట్లా ఒకటే ప్రశ్న: మీ మెయిన్ సబ్జెక్టు ఏది? చిట్టి ఓపిగ్గా వివరించేది. అవతలివాళ్ళు మర్యాదగా వినేవాళ్ళు, తర్వాత మర్యాదగా వద్దనేవాళ్ళు. ఆఖరికి ఒక పెద్ద ఆసుపత్రిలో విచారణ కౌంటరు దగ్గర తాత్కాలిక పని దొరికింది. ఇంత చదువూ చదివింది ఎడమ పక్కకి తిరగండి, నేరుగా వెళ్ళండి అని చెప్పడానికా అని మేనత్త బుగ్గలు నొక్కుకుంది. ముందు అక్కడేం జరుగుతుందో చూడనీ అత్తా అంది చిట్టి. ఆ గొంతులో బెంగ లేదు. అది గమనించి నాన్న తన పనిలో పడ్డాడు.

బయటి రోగులు కూర్చునే హాలు ఆ ఆసుపత్రికి గర్వకారణం. ఎత్తైన కప్పు, ముఖం కనిపించేంత నున్నగా మెరిసే రాతి నేల, ఒక వైపు గోడంతా అద్దాలు. వరసగా ఇనప కుర్చీలు. హాలు చివర నడవా, ఆ నడవాకి అటూ ఇటూ డాక్టర్ల గదులు. గుమ్మం పక్కన చిన్న అద్దాల గదిలో కూర్చుని అనౌన్సరు ఒకావిడ మైకులో టోకెన్ నంబర్లు పిలిచేది. గోడల మీద ఎత్తుగా రెండు పెద్ద స్పీకర్లు. నంబర్లు చూపించే తెర కూడా ఒకటుంది కానీ, ఆ హాల్లో సగం మంది కంటి విభాగానికి వచ్చినవాళ్ళు. కళ్ళలో మందు వేయించుకుని కూర్చున్నవాళ్ళకి తెర ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. చెవులే దిక్కు.

ఆ చెవులకే ఏమీ తెలిసేది కాదు. ఏ నంబరు అన్నారండీ, ఏ నంబరు అన్నారు అని ఒకరినొకరు అడుక్కునేవాళ్ళు. తమ వంతు పోతుందేమోనని కుర్చీలు వదిలేసి నడవా మొదట్లో మూగేవాళ్ళు. అక్కడ హెడ్ నర్సు గొంతు చించుకుని అందరినీ వెనక్కి తోస్తూ ఉండేది.

చిట్టి చేరిన కొత్తల్లోనే ఒక సంగతి జరిగింది. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు రక్తపరీక్ష ఉందని పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చారు. ఆయనకి షుగరు. టోకెను ఇరవై ఆరు. మధ్యాహ్నం కావస్తుండగా కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయారు. చిట్టి పరుగెత్తుకెళ్ళి ఆయన్ని పట్టుకుంది. హెడ్ నర్సు క్షణాల్లో వచ్చి గ్లూకోజు ఎక్కించి ఆయన్ని గట్టున పడేసింది. కాస్త తేరుకున్నాక ఎందుకు లోపలికి రాలేదని అడిగితే, పెద్దాయన తప్పు చేసినవాడిలా తల దించుకున్నారు.

"పిలిచారమ్మా, విన్నాను. అరవై ఆరు అన్నట్టు వినపడింది. వేరే విభాగం నంబరేమోలే, నా ఇరవై ఆరు ఇంకా రాలేదనుకున్నా."

ఆ మాట చిట్టి మనసులో ముల్లులా దిగింది.

ఆసుపత్రి సూపరింటెండెంటుని అందరూ పెద్ద డాక్టరమ్మ అనేవాళ్ళు. ఆవిడకి విషయం తెలిసి మండిపడింది. మైకులూ స్పీకర్లూ చూసుకునే ఇంజనీరుని పిలిపించి శబ్దం పెంచమంది. సౌండు సారు అని పిలిచే ఆ మనిషి వచ్చి పెంచి వెళ్ళాడు. దాంతో చెవులకి చిల్లులు పడడం మొదలైంది. చంటిపిల్లలు ఉలిక్కిపడి ఏడ్చారు. ఆ ఏడుపుల మీదుగా పెద్దవాళ్ళు ఇంకా గట్టిగా మాట్లాడుకున్నారు. వాళ్ళ మాటల మీదుగా అనౌన్సరు అరిచింది. నడవా దగ్గర గుంపు మరింత చిక్కబడింది.

చిట్టి కౌంటరు దగ్గర కూర్చుని ఆలోచించింది. ఇరవై, అరవై. తేడా అంతా మొదటి అక్షరంలోనే ఉంది. ఆ ఒక్క అక్షరం జారిపోతే మిగిలేది రెంటికీ ఒకటే. డెబ్భై, ఎనభై, తొంభైలదీ అదే తంతు. అంకెలు విడివిడిగా పలికితే సరిపోతుంది కదా అనిపించింది. వెళ్ళి హెడ్ నర్సుని బతిమాలింది. సరే, ఒక పూట చూద్దాం అందావిడ.

ఆ పూట అభాసుపాలైంది. రెండు, ఆరు అని అనౌన్సరు పిలిస్తే, అప్పటిదాకా తమ పిలుపు వినపడక కూర్చున్న రెండో నంబరు మనిషీ ఆరో నంబరు మనిషీ కలిసి లేచి వచ్చారు. ఇరవై ఆరో నంబరు మాత్రం తాపీగా కూర్చునే ఉంది. మొదటి అంకె మోత తగ్గకముందే రెండో అంకె వచ్చి దాని మీద పడడంతో కొందరికి అసలు ఏ అంకే తెలియలేదు. కాసేపటికే హెడ్ నర్సు ఆపించేసింది. దారి చూపించే పని చూసుకో అమ్మాయ్ అని అందరి ముందూ అనేసింది.

చిట్టి ముఖం చిన్నబోయిన మాట నిజం. కానీ సాయంత్రం బస్సులో కూర్చునేసరికి సిగ్గు తగ్గి, కుతూహలం మొదలైంది. భాష పాఠంలో నేర్చుకున్నది తప్పు కాదు. అయినా పని చేయలేదు. అంటే ఇక్కడ ఇంకేదో ఉంది. తను ఒక్క కిటికీలోంచే చూసింది.

మర్నాడు రోగులంతా వెళ్ళిపోయాక ఖాళీ హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట్టు కొట్టింది. చేతులు ఆగాయి కానీ చప్పుడు ఆగలేదు. కప్పుకి తగిలి, అద్దాలకి తగిలి, నేల మీదికి జారి, హాలంతా తిరిగి తిరిగి చల్లారింది. మొదటి ఏడు ఫిజిక్సు మాస్టారు పిల్లల్ని కాలేజీ భవనాలన్నీ తిప్పి ఇలాగే చప్పట్లు కొట్టించారు. జరుగుతున్నదేమిటో చిట్టికి అర్థమైంది. దాన్ని ఎంత తగ్గించాలో, ఎలా తగ్గించాలో మాత్రం తెలియదు. తెలిసిన మనిషి ఎవరో తెలుసు.

సౌండు సారు వైర్ల చుట్టల మధ్య కూర్చుని ఉన్నాడు. సంగతి వినగానే ముఖం మాడ్చుకున్నాడు.

"వినిపించట్లేదని ఎవరన్నారు? ఆఖరి కుర్చీ దగ్గర మీటరు పెట్టి మరీ చూశాను. బ్రహ్మాండంగా వినిపిస్తోంది."

"వినిపించడమంటే గొంతు చేరడమా సార్, మాట తెలియడమా?" అంది చిట్టి.

అతను చేతిలో పనిముట్టు కింద పెట్టాడు. తర్వాత, గొంతు చేర్చడం వరకే తన పని అన్నాడు. మాట తెలియడమంటే అది హాలు మీద ఆధారపడుతుంది, హాలు తను కట్టలేదు. భవనం కట్టేటప్పుడు చిన్న చిన్న స్పీకర్లు ఎక్కువ పెడదామని తను చెబితే గోడకి చెప్పినట్టయింది. ఇప్పుడెవరొచ్చి అడిగినా తను చేసేది శబ్దం పెంచడమే. అంతా ఒక్క గుక్కలో చెప్పాడు. ఎన్నాళ్ళుగానో అడిగేవాళ్ళు లేక దాచుకున్నట్టు.

అక్కడి నుంచి చిట్టి హెడ్ నర్సు దగ్గరికి వెళ్ళింది. నిన్నటి సంగతికి ముందు క్షమాపణ చెప్పింది. ఆవిడ మెత్తబడింది. స్పీకరు మార్చు, అంకెలు మార్చు, ఏం మార్చినా లాభం లేదమ్మాయ్, వాళ్ళు వినరు అంది. ఇక్కడ వినరు అంటే చెప్పినట్టు చేయరని. సౌండు సారు వినిపిస్తోంది అంటాడు, ఈవిడ వినరు అంటుంది. ఇద్దరిదీ నిజమే, కాకపోతే ఇద్దరూ ఒకే మాటతో రెండు వేరే సంగతులు చెబుతున్నారు. కూర్చోమంటే ఎందుకు కూర్చోరని చిట్టి అడిగింది. ఆ ప్రశ్నకి హెడ్ నర్సు జవాబు వెతుక్కోలేదు.

"భయం. తమ ముందు ఇంకా ఎంతమంది ఉన్నారో తెలీదు కదా. ఒకసారి దాటిపోతే మళ్ళీ పిలుస్తారన్న నమ్మకం లేదు. నేనైనా వాళ్ళ చోట ఉంటే నడవాలోనే నిలబడతాను."

ఇక చిట్టి ఆగలేదు. పెద్ద డాక్టరమ్మ గది ముందు పడిగాపులు పడి, ఆవిడ బయటికి వస్తుండగా పట్టుకుంది. మర్నాడు ఓపీ నడుస్తుండగా పావుగంట సమయం కావాలని, ఆవిడా, హెడ్ నర్సూ, సౌండు సారూ హాల్లో వెనక వరసలో కూర్చుంటే చాలని అడిగింది. విచారణ కౌంటరు పిల్ల ఇలా అడగడం పెద్ద డాక్టరమ్మకి వింతగా తోచింది. పెద్దాయన ఒరిగిపోయిన రోజున పరుగెత్తింది నువ్వేనా అని అడిగి, సరే అంది.

ముగ్గురికీ తలా ఒక టోకెను ఇచ్చి, కళ్ళు మూసుకోమంది చిట్టి. తమ నంబరు పిలవగానే లేవాలి, అంతే. అనౌన్సరు వరసగా పిలుస్తూ పోయింది. హెడ్ నర్సు తనది కాని నంబరుకి లేచి నిలబడి, చుట్టూ చూసి మళ్ళీ కూర్చుంది. సౌండు సారు ముందుకి వంగి, అరచేయి చెవికి ఆనించుకుని అవస్థ పడ్డాడు. పెద్ద డాక్టరమ్మ అసలు కదలనే లేదు. పావుగంట అయ్యాక ఆవిడ కళ్ళు తెరిచి, నా నంబరు ఇంకా రాలేదేం అంది.

"మొదటే పిలిచారు మేడమ్" అంది చిట్టి.

పెద్ద డాక్టరమ్మ చేతిలోని టోకెను వంకా, నడవా దగ్గరి గుంపు వంకా చూసింది. ఏం జరుగుతోందో చెప్పు అంది. చిట్టి చెప్పింది. శబ్దం పెంచితే మోత పెరుగుతోంది. మోతలో మాట చెదిరిపోతోంది. ఇరవైకీ అరవైకీ తేడా పోతోంది. వంతు తెలియక జనానికి భయం వేస్తోంది. భయంతో గుంపు కడుతున్నారు, గోల చేస్తున్నారు. గోల పెరిగిందని మళ్ళీ శబ్దం పెంచుతున్నారు. ఎక్కడ మొదలైందో తెలియని చక్రం ఇది. ఒక్క చోట బాగు చేస్తే మిగతావి మళ్ళీ పాడు చేస్తాయి. తను అంకెలు మాత్రమే మార్చి దెబ్బ తిన్నది అందుకే.

"అయితే ఏం చేయాలంటావ్?"

"అంతా నాకు తెలీదు మేడమ్. ఏది దేనికి తగులుకుని ఉందో తెలిసింది. ఎంత శబ్దం, ఎక్కడ అన్నది సార్ చెప్పాలి. జనాన్ని ఎలా కూర్చోబెట్టాలో సిస్టర్ చెప్పాలి. పిలిచే తీరు నేను చూసుకుంటాను. కానీ అన్నీ ఒకేసారి జరగాలి."

సౌండు సారుకి ప్రాణం లేచొచ్చింది. అప్పటికప్పుడే లేచి స్తంభాలు చూడడం మొదలుపెట్టాడు. పెద్ద స్పీకర్లు తీసేసి, స్తంభానికొకటి చొప్పున చిన్నవి, మనిషి చెవి ఎత్తులో, మెల్లగా. హెడ్ నర్సు పదేసి మందిని ముందుగానే నడవా పక్క వరసలోకి పిలుద్దామంది. అక్కడికి చేరినవాళ్ళకి ఇక భయముండదు, మిగతావాళ్ళకి తమ పది ఇంకా రాలేదని తెలుస్తుంది. మోత పీల్చుకోవడానికి కప్పు కిందా వెనక గోడకీ మెత్తటి పలకలు కావాలన్నాడు సౌండు సారు.

పలకల సంగతి చిట్టి ఇంటికెళ్ళి నాన్నని అడిగింది. నాన్న ఉత్సాహంగా మంచి ప్లైవుడ్డు, పైన పాలిషు అన్నాడు. పాలిషు పెడితే అదీ అద్దంలాగే శబ్దాన్ని తిప్పికొడుతుంది నాన్నా, లోపల దూది లాంటిది ఉండాలి, పైన పలచటి గుడ్డ ఉండాలి అని చిట్టి వివరించింది. నాన్న పెన్సిలు చెవి మీంచి తీసి, చెక్కముక్క మీద గీతలు గీశాడు. అయితే గోడకి ఆనించకుండా కాస్త ఎడం వదిలి బిగిస్తే దూదికి రెండు వైపులా పని ఉంటుంది కదా అన్నాడు. మర్నాడు ఆ మాట వింటూనే సౌండు సారు చిట్టి వంక తేరిపార చూసి, సరిగ్గా అదే కావాలి అన్నాడు. గుడ్డ ఏ రకమైతే పలచగా ఉండి సాగకుండా ఉంటుందో మేనత్త చెప్పింది, అడక్కుండానే.

పిలుపు తీరు చిట్టి చాలాసార్లు మార్చి చూసింది. ముందు చిన్న గంట, కాస్త నిశ్శబ్దం, నంబరు మామూలుగా ఒకసారి, ఆగి, అంకెలు విడివిడిగా ఇంకోసారి. అనౌన్సరు మొదట్లో విసుక్కున్నా, అరవాల్సిన పని లేదని తెలిసి సంతోషించింది. ఆవిడ గొంతు రాసుకుపోయి చాలాకాలమైంది.

కొత్త ఏర్పాటు మొదలైన రోజు అందరూ హాలు బాగుందని మెచ్చుకున్నారు. చిట్టి మాత్రం ఆ మెప్పుని వెంటనే నమ్మలేదు. బాగవ్వాలని తనకి ఆశ ఉంది కాబట్టి బాగైనట్టే కనపడుతుందని లెక్కల క్లాసులో నేర్చుకుంది. మార్పుకి ముందు కొన్ని పూటలు, మొదటి పిలుపుకి ఎంతమంది లేస్తున్నారో లెక్కపెట్టి పెట్టుకుంది. ఇప్పుడు మళ్ళీ అలాగే లెక్కపెట్టింది. అంతకుముందు సగం మందిని రెండోసారి, మూడోసారి పిలవాల్సి వచ్చేది. ఇప్పుడు అలాంటివాళ్ళు ఎక్కడో ఒకరు. ఆ ఒకరూ చెవుడు ఉన్నవాళ్ళే అయ్యేవాళ్ళు. వంతు రాగానే వణికే చిన్న యంత్రం వాళ్ళ చేతిలో పెడదామని సౌండు సారు అప్పుడే కొత్త ఆలోచన మొదలుపెట్టాడు.

నడవా మొదట్లో నేల కనిపించసాగింది. హెడ్ నర్సు కుర్చీ తెచ్చుకుని కూర్చుంది. ఆవిడ అక్కడ కూర్చోవడం చూసినవాళ్ళెవరూ లేరు అప్పటివరకూ. డ్రైవరు పెద్దాయన కూడా ఒక పొద్దున వచ్చారు. గంట మోగింది, నంబరు వినిపించింది. ఆయన చదువుతున్న పేపరు మడిచి చంకలో పెట్టుకుని, ఎవరినీ అడక్కుండా లేచి వెళ్ళారు. చిట్టి కౌంటరు లోంచి చూస్తూ ఉండిపోయింది. ఎదురుగా ఎవరో ఎక్స్‌రే గది ఎక్కడని అడుగుతున్నారన్న స్పృహ కాసేపటికి గానీ రాలేదు.

నెల తిరిగేసరికి పెద్ద డాక్టరమ్మ పిలిపించింది. బల్ల మీద చిట్టి ఉద్యోగానికి పెట్టుకున్న దరఖాస్తు ఉంది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని అడిగింది.

"ఇంతకీ నీ సబ్జెక్టు ఏదమ్మా?"

ఆ ప్రశ్న చిట్టికి కొత్త కాదు. ఈసారి జవాబు మాత్రం పొడుగ్గా రాలేదు.

"నలుగురు నాలుగు రకాలుగా చెప్పేది విని, అది ఒకే సమస్య అని పట్టుకోవడం నేర్చుకున్నాను మేడమ్. ఎవరిని ఏం అడగాలో తెలుసు. వాళ్ళు చెప్పింది అర్థం చేసుకునేంత మేరకు ప్రతిదీ చదివాను. అర్థం కానప్పుడు కాలేదని చెప్పడానికి సిగ్గుపడను."

పెద్ద డాక్టరమ్మ తలూపింది. తను గుండె డాక్టరునని, గుండె గురించి ఏ ప్రశ్న అడిగినా తడుముకోనని, కానీ తన ఆసుపత్రిలో రెండు విభాగాల మధ్య ఉన్న ఖాళీలో ఏం జరుగుతోందో చెప్పేవాళ్ళు ఇన్నాళ్ళూ ఎవరూ లేరని అంది. కౌంటరు పని వేరేవాళ్ళకి అప్పగిస్తానని, చిట్టిని ఆసుపత్రి మొత్తం తిరిగి ఇలాంటివి చూసే ఉద్యోగంలో పెట్టుకుంటానని చెప్పింది. ఆ ఉద్యోగానికి ఇంకా పేరు లేదు. నువ్వే ఒకటి ఆలోచించు అంది. చిట్టి నవ్వి, పేరుకి తొందర లేదు మేడమ్, సౌండు సారుతో, సిస్టరుతో ఎప్పుడు కావాలంటే అప్పుడు కూర్చునే వీలు మాత్రం కావాలి అంది. ఆవిడ ఒప్పుకుంది.

ఆ వారంలోనే మందులిచ్చే చోటు నుంచి పిలుపు వచ్చింది. అక్కడ ఫార్మసిస్టు నడివయసు మనిషి, మాట పొదుపు. పొద్దుట వేసుకోవాల్సిన మాత్రలు రాత్రి, రాత్రివి పొద్దుట వేసుకుని ఇదే నెలలో చాలామంది తిరిగొచ్చారని చెప్పాడు. కవరు మీద పెద్ద అక్షరాలతో రాసి చూశాడు, రంగులు వేసి చూశాడు, నోటితో రెండేసి సార్లు చెప్పి చూశాడు. ఇక ఏం చేయాలో పాలుపోవడం లేదన్నాడు.

కిటికీ ముందు వరస కదులుతూనే ఉంది. చిట్టి ఒక స్టూలు లాక్కుని అతని పక్కనే కూర్చుంది.

"పొద్దుట అంటే మీరు ఏ టైము అనుకుంటున్నారు సార్?" అని అడిగింది.

ఫార్మసిస్టు జవాబు చెప్పబోతూ కిటికీ వైపు తిరిగాడు. కిటికీ అవతల రాత్రి డ్యూటీ ముగించుకుని నేరుగా వచ్చిన వాచ్‌మన్ ఒకతను, ఇంటికెళ్ళి పడుకోవడానికి సిద్ధంగా, మందుల చీటీ చాచి నిలబడి ఉన్నాడు.